మాంసం తగ్గించడం: ఏది, ఎంత, దాని బదులు ఏంటి?

2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఒక ప్రకటన చేసింది. 10 దేశాల నుంచి వచ్చిన 22 మంది నిపుణులు 800కు పైగా అధ్యయనాలు ముందేసుకుని చూసి తేల్చిన విషయం అది. సాసేజ్, బేకన్, హామ్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం వల్ల పెద్దపేగు క్యాన్సర్ వస్తుందని చెప్పడానికి తగినన్ని ఆధారాలున్నాయి, కాబట్టి దాన్ని క్యాన్సర్ కారకాలని ఖాయంగా తేలినవాటి మొదటి గ్రూపులో చేరుస్తున్నాం అన్నారు. ఆ గ్రూపులో అప్పటికే పొగాకు ఉంది, ఆస్బెస్టాస్ ఉంది. ఇంకేముంది, తెల్లారేసరికి బేకన్ తిన్నా సిగరెట్ తాగినా ఒకటేనంటూ హెడ్‌లైన్లు వచ్చేశాయి. కొందరు హడలిపోయారు, ఇంకొందరు "ఇక గాలి పీల్చినా క్యాన్సరే అంటారేమో" అని నవ్వి ఊరుకున్నారు. (బయటి గాలి కాలుష్యం 2013 నుంచే ఆ గ్రూపులో ఉంది, అది వేరే సంగతి.)

ఇద్దరూ పొరబడ్డారు. ఆ గ్రూపులు ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు, ప్రమాదం ఉందన్న నమ్మకం ఎంత గట్టిదో మాత్రమే చెబుతాయి. వీధిలో కుక్క ఉందని ఖాయంగా తెలియడం వేరు, అది ఎంత గట్టిగా కరుస్తుందనేది వేరు కదా. అదే సంస్థ చెప్పిన లెక్క ప్రకారం, రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు 18 శాతం పెరుగుతుంది. 18 అనగానే నూటికి 18 మందికి వస్తుందని చాలామంది అనుకుంటారు, కాదు. జీవితకాలంలో నూరు మందిలో సుమారు 5 మందికి ఆ క్యాన్సర్ వచ్చే చోట, ఆ నూరుమందీ రోజూ అంత తింటే 5 కాస్తా 6కు దగ్గరవుతుంది. ప్రపంచవ్యాప్తంగా ప్రాసెస్డ్ మాంసం ఎక్కువగా తినడం వల్ల ఏటా 34 వేల క్యాన్సర్ మరణాలు సంభవిస్తున్నాయని ఒక అంచనా ఉంటే, పొగాకు వల్ల వచ్చే క్యాన్సర్ మరణాలు పది లక్షల దాకా ఉన్నాయి. అంటే ఒకే గ్రూపులో ఉన్నా ఒకే స్థాయి కాదు, అలాగని కొట్టిపారేసే విషయమూ కాదు, ఎందుకంటే 34 వేలు అనేది చిన్న సంఖ్యేం కాదు, పైగా అందులో ఎక్కువ భాగం పెద్ద త్యాగాలేం లేకుండానే తప్పించుకోదగ్గది.

మాంసం గురించి జరిగే వాదనల్లో సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. "మాంసం" అనే ఒక్క మాట కింద కోడి, మేక, ఆవు, పంది, చేప, డబ్బాలో వచ్చే సాసేజ్ అన్నీ పడేసి, అది మంచిదా చెడ్డదా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానం లేదు. ఏ మాంసం, ఎంత తింటున్నారు, తగ్గిస్తే ఆ ఖాళీలోకి ఏం వస్తోంది, ఈ మూడూ తెలిస్తే తప్ప ఆరోగ్యం గురించి గానీ పర్యావరణం గురించి గానీ ఎవరూ ఏమీ చెప్పలేరు. చెప్పినా అది నినాదమే అవుతుంది.

ముందు ఆరోగ్యం సంగతి చూద్దాం. ఆవు, గేదె, గొర్రె, మేక, పంది మాంసాలను రెడ్ మీట్ అంటారు. పంది మాంసం చూడ్డానికి కాస్త పాలిపోయినట్టున్నా ఆ లెక్కలోకే వస్తుంది. కోడి, చేప రావు. 2015 నాటి ఆ ప్రకటనలో ప్రాసెస్ చెయ్యని రెడ్ మీట్‌ను ఒక మెట్టు కింద పెట్టారు, అంటే "బహుశా క్యాన్సర్ కారకం" అన్నమాట. అనుమానానికి కారణాలు ఉన్నాయి. ఈ మాంసానికి ఎరుపు రంగునిచ్చే హీమ్ అనే ఇనుముతో కూడిన పదార్థం పేగుల్లో హానికర రసాయనాలు తయారవడానికి సాయపడుతుంది. నిప్పుల మీద కాల్చినప్పుడు, మాడేలా వేయించినప్పుడు కొత్త రసాయనాలు కొన్ని పుడతాయి. ప్రాసెస్డ్ మాంసంలో ఇవి చాలవన్నట్టు, చెడిపోకుండా ఉండటానికీ గులాబి రంగు నిలవడానికీ కలిపే నైట్రైట్లు ఉంటాయి, వాటి నుంచి నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారక రసాయనాలు పుడతాయి. దానికి తోడు బోలెడు ఉప్పు. అందుకే ఏది ముందు తగ్గించాలి అంటే పెద్దగా ఆలోచించక్కర్లేదు, ప్యాకెట్లలో వచ్చే ఆ గులాబి రంగు ముక్కలే.

రెడ్ మీట్ విషయం అంత తేలిగ్గా తేలలేదు. 2019లో ఒక పరిశోధకుల బృందం పేరున్న అమెరికన్ వైద్య పత్రికలో వరసగా సమీక్షలు ప్రచురించి, పెద్దవాళ్లు ఇప్పుడు తింటున్నంత మాంసం తింటూ పోవచ్చు అని సలహా ఇచ్చింది. పోషకాహార నిపుణుల్లో పెద్ద దుమారమే లేచింది. వెనక్కి తీసుకోవాలన్నవాళ్లూ ఉన్నారు. దగ్గరికెళ్లి చూస్తే, ఆ బృందం మాంసం మంచిదని అనలేదు. తగ్గిస్తే కలిగే మేలు చిన్నది, దానికున్న ఆధారం బలహీనమైనది, కాబట్టి మా సలహా కూడా బలహీనమైనదే అని వాళ్లే రాసుకున్నారు. మందులను పరీక్షించే కొలబద్దతో తిండిని కొలిస్తే ఇలాగే వస్తుంది మరి. వెయ్యి మందికి ఇరవై ఏళ్లు మాంసం పెట్టి, ఇంకో వెయ్యి మందికి పెట్టకుండా గదిలో కూర్చోబెట్టి చూడలేం. జనం ఏం తింటున్నారో అడిగి, ఏళ్ల తరబడి వాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో గమనించి, మాంసం ఎక్కువ తినేవాళ్లు సిగరెట్లు కూడా ఎక్కువ తాగుతారేమో, వ్యాయామం తక్కువ చేస్తారేమో లాంటివన్నీ లెక్కల్లో సర్దుబాటు చేసి ఒక అంచనాకు రావడమే దారి. ఇంకో విషయం, ఆ 2019 సలహాలో పర్యావరణాన్ని కావాలనే పక్కన పెట్టారు. ఆ సంగతి మాత్రం వార్తల్లో పెద్దగా రాలేదు.

ఆ తర్వాత 2024లో 20 దేశాలకు చెందిన దాదాపు 20 లక్షల మంది వివరాలతో టైప్ 2 డయాబెటిస్ మీద ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తినేవాళ్లలో ఆ జబ్బు అవకాశం సుమారు 15 శాతం, రోజూ 100 గ్రాముల రెడ్ మీట్ తినేవాళ్లలో 10 శాతం ఎక్కువగా కనిపించింది. ఇదీ పరిశీలన అధ్యయనమే కాబట్టి పైన చెప్పిన లోపాలు దీనికీ ఉంటాయి. కానీ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు జనాల్లో లెక్క ఒకే వైపు మొగ్గుతుంటే, అదంతా కాకతాళీయం అనడం రానురాను కష్టమవుతుంది.

అసలు ఆసక్తికరమైన సంగతి "బదులు ఏంటి" అనే దగ్గర ఉంది. రెడ్ మీట్‌ను వేరే ఆహారాలతో పోల్చిన 36 ప్రయోగాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2019లో వచ్చింది. రెడ్ మీట్ స్థానంలో పప్పులు, సోయా, గింజలు లాంటివి పెట్టినప్పుడు చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. చేపతో పోలిస్తే మాత్రం అలాంటి మెరుగు రెడ్ మీట్ మానడం వల్ల కనిపించలేదు. మాంసం తీసేసి ఆ స్థానంలో మైదాతో చేసినవి, తీపి పానీయాలు, వేపుళ్లు పెడితే? అవి కూడా శాకాహారమే కదా సాంకేతికంగా. రెండు లక్షల మందికి పైగా అమెరికన్ వైద్య సిబ్బందిని ఏళ్ల తరబడి గమనించిన హార్వర్డ్ పరిశోధకులు 2017లో ఇదే తేల్చారు: ముడి ధాన్యాలు, కూరగాయలు, పప్పులు, గింజలతో నిండిన మొక్కల ఆహారం గుండెజబ్బు అవకాశాన్ని తగ్గిస్తే, చక్కెర, పాలిష్ పట్టిన ధాన్యం, తీపి పానీయాలతో నిండిన "మొక్కల ఆహారం" దాన్ని పెంచింది. కాబట్టి మాంసం మానేశాం అని చెప్పుకోవడం దానంతటది ఆరోగ్య వార్తేం కాదు.

చరిత్రలో ఒక పెద్ద ప్రయోగం, ఎవరూ ప్లాన్ చెయ్యకుండానే జరిగింది. మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, 1917లో, డెన్మార్క్‌కు బయటి నుంచి పశువుల దాణా రావడం ఆగిపోయింది. మిక్కెల్ హిండ్‌హెడె అనే వైద్యుడి సలహా మీద ప్రభుత్వం ఒక లెక్క వేసింది: ఉన్న ధాన్యం పందులకు పెట్టి, ఆ పందుల్ని మనుషులు తినే బదులు, ధాన్యాన్ని నేరుగా మనుషులకే పెడితే సరిపోతుంది. పందుల్ని పెద్ద ఎత్తున కోసేశారు, జనం తవుడు కలిసిన రొట్టె, బార్లీ గంజి, బంగాళాదుంపలు, కూరగాయల మీద బతికారు. ఆ ఏడాది రాజధాని కోపెన్‌హాగన్‌లో మరణాల రేటు బాగా పడిపోయింది, హిండ్‌హెడె దాన్ని 1920లో అమెరికన్ వైద్య పత్రికలో రాసి ప్రపంచానికి చాటాడు. శాకాహార ప్రచారకులకు ఇది ఇష్టమైన కథ. వాళ్లు కథ మధ్యలో ఒక్క ముక్క మింగేస్తుంటారు: ధాన్యం ఆదా చెయ్యడానికి సారా తయారీని కూడా అప్పుడే కట్టడి చేశారు, మద్యం అందుబాటులో లేనంత ఖరీదైపోయింది. మేలు మాంసం తగ్గడం వల్లా, మందు తగ్గడం వల్లా, తవుడు పెరగడం వల్లా అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. అయినా ఒక్కటి మాత్రం ఆ ఏడాది స్పష్టంగా తేలింది, మాంసం బాగా తగ్గినంత మాత్రాన జనం నీరసించి కూలిపోరు.

ధాన్యం పశువుకు పెట్టి పశువును తినడం కంటే నేరుగా తింటే ఎక్కువమందికి సరిపోతుందన్న ఆ లెక్కే పర్యావరణ వాదనకు కూడా పునాది. పశువు తిన్నదంతా మాంసం అవదు. అది నడవాలి, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవాలి, ఎముకలు, చర్మం, కొమ్ములు పెంచుకోవాలి. గొడ్డుమాంసం విషయంలో దాణా, మేత రూపంలో లోపలికి వెళ్లిన కేలరీల్లో సుమారు 3 శాతమే మాంసంగా బయటికొస్తాయని, కోడి విషయంలో అది 13 శాతం దాకా ఉంటుందని అమెరికా లెక్కలు చెబుతున్నాయి.

ఆవు, గేదె, గొర్రె, మేకలకు ఇంకో ప్రత్యేకత ఉంది. ఇవి నెమరువేసే జంతువులు. వాటి పొట్టలోని మొదటి పెద్ద గది ఒక పులియబెట్టే తొట్టి లాంటిది, మనిషికి అరగని గడ్డిని అందులోని సూక్ష్మజీవులు విడగొడతాయి, ఆ క్రమంలో మీథేన్ పుడుతుంది. ఆ వాయువు వెనక నుంచి పోతుందని జోకులు వేస్తారు గానీ అందులో చాలావరకు త్రేన్పుల రూపంలో నోటి నుంచే వస్తుంది. మీథేన్ వాతావరణంలో సుమారు 12 ఏళ్లే ఉంటుంది, కానీ ఉన్నన్నాళ్లు గట్టిగా వేడి పుట్టిస్తుంది. నూరేళ్ల లెక్కలో చూస్తే బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 27 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే 80 రెట్ల దాకా. ఇందులో చెడుతో పాటు ఒక మంచి కూడా ఉంది, ఇవాళ మీథేన్ తగ్గిస్తే ఫలితం ఒకటి రెండు దశాబ్దాల్లోనే కనిపిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ లాగా శతాబ్దాలు ఆగక్కర్లేదు. కోడికీ పందికీ ఈ నెమరు తొట్టి లేదు, అందుకే వాటికీ ఆవు, గొర్రెలకూ మధ్య అంత తేడా.

ఆ తేడా ఎంతో చూడాలంటే 2018లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన జోసెఫ్ పూర్, స్విట్జర్లాండ్‌కు చెందిన థామస్ నెమెచెక్ కలిసి చేసిన అధ్యయనం దగ్గరికి వెళ్లాలి. 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల సమాచారం పోగేశారు. 100 గ్రాముల ప్రొటీన్ తయారవడానికి భూమిని వేడెక్కించే గ్రీన్‌హౌస్ వాయువు ఎంత వెలువడుతుందో చూస్తే, మాంసం కోసమే పెంచే పశువుల గొడ్డుమాంసానికి సగటున 50 కిలోలు, గొర్రె, మేక మాంసానికి 20, చీజ్‌కు 11, పంది మాంసానికి 7.6, కోడికి 5.7, గుడ్లకు 4.2, టోఫూకు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) 2, పప్పుల రకాలకు 1 కిలో కంటే తక్కువ. పాడి పశువుల నుంచి వచ్చే మాంసానికి 17 మాత్రమే, ఎందుకంటే భారంలో కొంత పాలు మోస్తాయి.

ఈ వరసలో చీజ్ ఎక్కడుందో గమనించారా? పర్యావరణం కోసం అని చికెన్ మానేసి చీజ్ పెంచుకుంటే లెక్క తిరగబడుతుంది. శాకాహారం, మాంసాహారం అనే గీత మతానికో, నీతికో, అలవాటుకో పనికొస్తుంది, కార్బన్ లెక్కకు మాత్రం ఆ గీత సరైన చోట లేదు. నెమరువేసే జంతువు ఉందా లేదా అన్నదే అసలు గీత.

ఇక్కడ పెంపకం తీరుకు కూడా పాత్ర ఉంది. ఒకే రకం మాంసంలో బాగా పెంచిన పొలానికీ అధ్వాన్నంగా పెంచిన పొలానికీ మధ్య చాలా అంతరం కనిపించింది. అయినా అతి తక్కువ భారం మోపే గొడ్డుమాంసాన్ని తీసుకున్నా, బఠాణీ లాంటి వాటి కంటే 6 రెట్లు ఎక్కువ వాయువులు, 36 రెట్లు ఎక్కువ భూమి. "స్థానికంగా పెరిగింది కొంటే చాలు" అనే సలహా కూడా అందరూ ఇస్తుంటారు, వినడానికి బాగుంటుంది. కానీ గొడ్డుమాంసం మొత్తం భారంలో రవాణా వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. పక్క పొలంలోది తిన్నా ఆవు త్రేన్పు త్రేన్పే.

మనుషుల పనుల వల్ల ప్రపంచంలో వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో మొత్తం మీద పశుపోషణ వాటా ఎంత? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2006లో 18 శాతం అంది, 2013లో 14.5 శాతం అంది, 2023లో వేసిన లెక్కలో అది 12 శాతం దగ్గరకొచ్చింది. లెక్కించే పద్ధతీ ప్రాతిపదిక ఏడాదీ మారుతూ వచ్చాయి, కాబట్టి పశువులు బాగుపడిపోయాయని దీనికి అర్థం కాదు. 2006 నివేదికలో పశువుల వాటా మొత్తం వాహనాల వాటా కంటే ఎక్కువ అన్న మాట చాలా ప్రచారమైంది. ఆ పోలిక న్యాయమైనది కాదు, పశువుల విషయంలో దాణా పండించడం నుంచి అన్నీ కలిపారు, వాహనాల విషయంలో పొగ గొట్టం నుంచి వచ్చింది మాత్రమే లెక్కేశారు. ఇప్పటికీ ఆ వాక్యం అక్కడా ఇక్కడా తిరుగుతూనే ఉంటుంది. 12 శాతం తక్కువేం కాదు కాబట్టి, దాన్ని పెంచి చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

వాయువుల కంటే భూమి లెక్క ఇంకా పెద్దది, దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. మాంసం, పాలు, గుడ్లు, చేపల పెంపకం కలిపి ప్రపంచ వ్యవసాయ భూమిలో దాదాపు 83 శాతం వాడుకుని, మనం తినే ప్రొటీన్‌లో 37 శాతం, కేలరీల్లో 18 శాతం ఇస్తున్నాయని పూర్, నెమెచెక్‌ల అంచనా. ప్రపంచంలో పండే సోయాలో మూడొంతులకు పైగా పశువుల, కోళ్ల దాణాకే పోతుంది, టోఫూ, సోయా పాలు లాంటి వాటికి పోయేది చాలా చిన్న భాగం. కాబట్టి సోయా తినేవాళ్ల వల్లే అడవులు పోతున్నాయనే మాట తలకిందుల మాట. అమెజాన్ అడవి నరికిన నేలలో అత్యధిక భాగం పశువుల మేతభూమిగా మారింది. 2018లో వచ్చిన ఇంకో లెక్క ప్రకారం భూమ్మీద ఉన్న క్షీరదాల మొత్తం బరువులో సుమారు 60 శాతం పెంపుడు పశువులది, 36 శాతం మనుషులది, ఏనుగులు, తిమింగలాలతో సహా అడవి జంతువులన్నీ కలిపి 4 శాతం. ఈ ఒక్క సంఖ్య దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

అవతలి వాదన కూడా వినాలి, అందులో పస ఉంది. పశువులు తినే దాంట్లో 86 శాతం మనుషులు తినలేనిదే, గడ్డి, ఆకులు, పంట కోశాక మిగిలే చొప్ప, నూనె తీశాక మిగిలే పిండి లాంటివి. ఇది కూడా ఆహార, వ్యవసాయ సంస్థ పరిశోధకులు చెప్పిందే. దున్నడానికి పనికిరాని కొండవాలు, ఎండు నేలల మీద గడ్డి తప్ప ఇంకేమీ మొలవదు, ఆ గడ్డిని తిండిగా మార్చగలిగేది పశువే. నిజమే. కానీ మిగిలిన 14 శాతం చిన్నదిగా కనిపించినా, ప్రపంచంలో పండే ధాన్యంలో దాదాపు మూడో వంతు ఆ దాణాలోకే పోతోంది. ఇక పచ్చిక మీద పెంచితే నేల కార్బన్‌ను పీల్చుకుని లెక్క సరిపెడుతుందన్న వాదన ఉంది. ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసిన పరిశోధకులు 2017లో దాన్ని నిశితంగా చూస్తే, అనుకూల పరిస్థితుల్లో కూడా మేసే పశువుల నుంచి వచ్చే వాయువుల్లో 20 నుంచి 60 శాతం వరకే నేల తిరిగి పీల్చుకోగలదని తేలింది, అది కూడా కొన్ని దశాబ్దాల వరకే, తర్వాత నేల నిండిపోతుంది.

నీటి లెక్కలో మాత్రం ప్రచారమే ఎక్కువ. కిలో గొడ్డుమాంసానికి 15,400 లీటర్ల నీళ్లు అనే సంఖ్య అందరూ వినే ఉంటారు. సంఖ్య తప్పు కాదు, కానీ అందులో 90 శాతానికి పైగా మేతభూమి మీదా దాణా పంటల మీదా పడిన వాన నీరే. ఆ వాన పశువు ఉన్నా లేకున్నా పడుతుంది. నది నుంచో బోరు నుంచో తోడే నీళ్ల సంగతి వేరుగా, ఏ ప్రాంతంలో తోడుతున్నారో చూసి మాట్లాడాలి.

గొడ్డుమాంసం బదులు చికెన్ తింటే కార్బన్ లెక్క ఒక్కసారిగా దిగుతుంది, రెడ్ మీట్ కూడా తగ్గుతుంది, మరి అంతటితో సమస్య తీరినట్టేనా అంటే ఇక్కడో చిక్కుముడి ఉంది. ఒక పశువు ఇచ్చే మాంసం రావాలంటే వందకు పైగా కోళ్లు కావాలి. ఇప్పటికే ఏటా 7,000 కోట్లకు పైగా కోళ్లను కోస్తున్నారు, వాటిలో ఎక్కువ భాగం కిక్కిరిసిన షెడ్లలో పెరిగేవే. అలాంటి చోట జబ్బు ఒకదానికి వస్తే అన్నిటికీ వస్తుంది, అందుకని రాకముందే యాంటీబయాటిక్స్ కలిపి పెట్టడం అలవాటైంది. మనుషుల వైద్యానికి అవసరమైన యాంటీబయాటిక్స్‌లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 70 శాతం పశువులకు, కోళ్లకు, పందులకే పోతున్నాయని అంచనా. ఆరోగ్యంగా ఉన్న జంతువులకు వాటిని పెట్టడం ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చెప్పింది, బరువు పెంచడానికి వాడటాన్ని యూరోపియన్ యూనియన్ 2006లోనే నిషేధించింది. వాతావరణం కోసం చికెన్ వైపు వెళ్తే మందులకు లొంగని సూక్ష్మజీవుల సమస్యా, జంతువుల బాధా పెరుగుతాయి. ఒకే వేటుకు అన్ని పిట్టలూ పడవు. పప్పుల వైపు వెళ్తే మాత్రం చాలావరకు పడతాయి.

ఇక ఎంత తగ్గించాలి అన్న ప్రశ్న. పూర్తిగా మానేయాలా, లేకపోతే ఏం లాభం అనే రీతిలో ఆలోచించేవాళ్లు ఎక్కువ. బ్రిటన్‌లో 55 వేల మంది నిజంగా తినే తిండిని బట్టి 2023లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వేసిన లెక్క చూస్తే ఆ ఆలోచన ఎంత తప్పో తెలుస్తుంది. రోజుకు 100 గ్రాముల పైన మాంసం తినేవాళ్ల తిండి వల్ల రోజుకు సుమారు 10.2 కిలోల వాయువులు వెలువడితే, 50 గ్రాముల లోపు తినేవాళ్లది 5.4 కిలోలు, గుడ్లు, పాలు తీసుకునే శాకాహారులది 4.2, జంతువుల నుంచి వచ్చేది ఏదీ ముట్టనివాళ్లది 2.5. ఎక్కువ తినేవాళ్లు తక్కువకు దిగితే దాదాపు 5 కిలోలు ఆదా, ఆ తక్కువ కూడా మానేసి శాకాహారి అయితే ఇంకో కిలో పైచిలుకు. మెట్లన్నీ ఒకే ఎత్తులో లేవు, మొదటిదే అన్నిటికన్నా పెద్దది. ఒక మనిషిని పూర్తి శాకాహారిగా మార్చడానికి పడే పాట్లతో నలుగురి చేత సగానికి తగ్గించగలిగితే లాభం చాలా ఎక్కువ. పూర్, నెమెచెక్ కూడా ఇలాంటిదే చూపించారు: జంతు ఉత్పత్తుల్ని సగానికి తగ్గించి, ఆ తగ్గించేది ఎక్కువ కాలుష్యం చేసే పొలాల నుంచి తగ్గిస్తే, మొత్తం మానేసినప్పుడు వచ్చే వాయువుల తగ్గుదలలో 70 శాతం దాకా వచ్చేస్తుంది.

ఆరోగ్యం వైపు నుంచి చూసినా సలహాలు సున్నా దగ్గర ఆగవు. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సంస్థ వండిన తర్వాత తూకం వేస్తే వారానికి 350 నుంచి 500 గ్రాములు మించకుండా రెడ్ మీట్ తినమంటుంది, ప్రాసెస్డ్ మాంసం మాత్రం వీలైతే అసలొద్దంటుంది. ఆరోగ్యం, భూగోళం రెండూ కలిపి చూసిన ఈట్-లాన్సెట్ కమిషన్ 2019లో ఇంకా కఠినంగా, రెడ్ మీట్ రోజుకు సగటున 14 గ్రాములు, కోడి 29 గ్రాములు అంది. 14 గ్రాములంటే వారానికి ఒక్క చిన్న పూట.

అయితే ఈ "తగ్గించండి" అనే మాట ఎవరితో అంటున్నామో చూసుకోవాలి. ప్రపంచ సగటు మాంసం సరఫరా మనిషికి ఏడాదికి 43 కిలోల దగ్గర ఉంటే, అమెరికాలో అది 120 కిలోలు దాటుతుంది, బాగా పేద దేశాల్లో 10 కిలోలు కూడా ఉండదు. ఆ పేద ఇంట్లో ఎదిగే పిల్లకో గర్భిణికో వారానికి కొన్ని గుడ్లు, కాస్త మాంసం దొరికితే అది మేలే, పోషకాహార లోపం ఉన్నచోట జంతు ఆహారం కొంచెమైనా చాలా పని చేస్తుంది. ఆ ఇంటికి వెళ్లి పర్యావరణం కోసం మాంసం తగ్గించమనడం అన్యాయం, తెలివితక్కువ కూడా.

ప్రొటీన్ గురించి టెన్షన్ ఎక్కువగా పడేది మాత్రం దాని కొరత లేనివాళ్లే. పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, 60 కిలోల మనిషికి అది 50 గ్రాములు. వయసు పైబడినవాళ్లకు కండ కరగకుండా ఇంకాస్త ఎక్కువ కావాలి. ప్రొటీన్‌లో ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం ధాన్యంలో తక్కువ, పప్పుల్లో ఎక్కువ, పప్పుల్లో తక్కువగా ఉండేది ధాన్యంలో ఉంటుంది. రెండూ ఒకే పూట కలిపే తినాలని ఒకప్పుడు ప్రచారం జరిగింది, ఆ నిబంధన ఏమీ అక్కర్లేదు, రోజు మొత్తంలో రెండూ ఉంటే శరీరం చూసుకుంటుంది. నిజంగా పట్టించుకోవాల్సినవి ఇనుము, బి12. మొక్కల్లోని ఇనుము మాంసంలోని ఇనుమంత బాగా ఒంటికి పట్టదు, పుల్లటి పండు ఏదైనా తోడైతే పట్టడం మెరుగవుతుంది, భోజనం చెయ్యగానే టీ, కాఫీ తాగితే తగ్గుతుంది. బి12 మొక్కల్లో నమ్మదగ్గ మోతాదులో దొరకదు. కాలేయంలో నిల్వ ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి మానేసిన వెంటనే ఏమీ తెలియదు, తెలిసేసరికి నరాల మీద దెబ్బ పడి ఉండొచ్చు. మాంసం తగ్గించి పాలు, గుడ్లు తీసుకునేవాళ్లకు చాలావరకు ఇబ్బంది లేదు, అన్నీ మానేసేవాళ్లు మాత్రం మాత్రో, బి12 కలిపిన ఆహారమో తీసుకోవాల్సిందే, ఇందులో వాదనకు తావు లేదు.

తగ్గించాలని అనుకోవడానికీ తగ్గించడానికీ మధ్య దూరం చాలా ఉంది. వారంలో ఒక రోజు మానడం అనే పద్ధతి పాతదే. 1917లో యుద్ధంలో ఉన్న సైనికులకు తిండి మిగల్చడానికి అమెరికా ప్రభుత్వం జనాన్ని మాంసం లేని రోజులు పాటించమంది, 2003లో ఆరోగ్యం పేరుతో అది సోమవారం ఉద్యమంగా తిరిగొచ్చింది. రోజూ తినేవాళ్లు ఒక రోజు మానితే ఏడో వంతు తగ్గినట్టే, మర్నాడు రెండింతలు తిననంత వరకు, ఆ రోజు చీజ్ మీద పడనంత వరకు. మాంసంలాగే ఉండే మొక్కల ఉత్పత్తులు కూడా వచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లో 36 మందితో చేసిన చిన్న ప్రయోగంలో వాటికి మారినప్పుడు చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. కానీ చాలావాటిలో ఉప్పు ఎక్కువ, లేబుల్ చూసుకోవాలి.

ఈ విషయంలో అన్నిటికన్నా ఆలోచింపజేసేది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కాంటీన్లలో జరిగింది. 94 వేలకు పైగా భోజనాల అమ్మకాలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. నాలుగు వంటకాల్లో ఒకటి మాంసం లేనిది ఉండే చోట రెండు పెడితే, మాంసం లేని భోజనాల అమ్మకం 41 నుంచి 79 శాతం దాకా పెరిగింది. మాంసం వంటకాలేం మాయమైపోలేదు, కావాలన్నవాళ్లకు ఇంకా సగం వరస అవే ఉన్నాయి. మొత్తం అమ్మకాలు కూడా పెద్దగా మారలేదు. పగలు ఇలా తిన్నారు కదా అని రాత్రికి మాంసం మీద విరుచుకుపడ్డ దాఖలా కూడా కనబడలేదు. అందరికన్నా ఎక్కువగా మారింది ఎవరంటే, అంతకుముందు మాంసం లేని ప్లేటు వైపు దాదాపు చూడనివాళ్లే.